గుణుపురం బండిలో నేర్చుకున్న అక్షరాలు

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. నా చదువంతా ఏటికి అవతల తెలుగులో అయింది. ఇల్లూ పెళ్లీ ఉద్యోగం అన్నీ ఏటికి ఇవతల, ఒడిశాలో. ఒడియా మాట్లాడడం నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వీధిలో గోళీలాడుతుంటే దానంతటదే వచ్చేసింది. ఒడియాలో బేరమాడతాను, పెళ్లికి పిలుస్తాను, ఇద్దరి మధ్య తగువు తీరుస్తాను. చదవడం మాత్రం 40 ఏళ్లు దాటేదాకా రాలేదు. మా ఊళ్లో ఇలాంటివాళ్లు ఇంటికొకరు ఉంటారు. నోటికి రెండు భాషలు, కంటికి ఒకటే.

విత్తనాలు, ఎరువులు అమ్మే కొట్టులో పద్దులు రాయడం నా పని. బిల్లులు ఇంగ్లీషులో వస్తాయి, నా చిట్టా పుస్తకం తెలుగులో ఉంటుంది. ఒడియా కాగితం ఏదైనా వస్తే పక్కనున్న కుర్రాణ్ణి పిలిచి చదివించుకునేవాణ్ణి. అలా చాలా ఏళ్లు గడిచిపోయాయి. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదనే అనుకుంటూ వచ్చాను.

క్రిందటేడు తొలకరిలో, రజొ పండగ అయిన మర్నాడు, కొట్టు కిటకిటలాడుతోంది. రజొ మూడు రోజులూ ఇక్కడ నాగలి కదలదు. ఆ రోజుల్లో భూమికి విశ్రాంతి ఇవ్వాలని నమ్మకం. ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, ఇళ్లల్లో పొడొ పిఠా కాలుస్తారు, మా కొట్టులో ఈగలు కూడా ఉండవు. నాలుగో రోజు పొద్దున్న తలుపు తీసేసరికి మూడు రోజుల జనం ఒక్కసారిగా వచ్చి పడతారు. ఆ రద్దీలో గుమ్మా కొండల మీంచి ఒక సవర తాత వచ్చాడు. మనిషి మాట తక్కువ. మనవడు రాసిచ్చిన చీటీ నా చేతిలో పెట్టి పక్కకి నిలబడ్డాడు. చదివే కుర్రాడు లోపల గోదాంలో ఉన్నాడు. చీటీలో మొదటి మాట ‘మ’తో మొదలైంది. ఆ ఒక్క అక్షరం నాకు తెలుసు, ఎందుకంటే ఇక్కడ ఆటోల మీదా లారీల మీదా ‘జయ మా తారిణీ’ అని రాసి ఉంటుంది. ఆ వారమంతా అందరూ మొక్కజొన్న విత్తనమే అడుగుతున్నారు. మొక్కజొన్నని ఒడియాలో మకా అంటారు. మ అంటే మకాయే అనుకుని, ప్యాకెట్టు మిగతా సరుకులతో కలిపి మూటకట్టి ఇచ్చేశాను. తాత మూట విప్పి చూడలేదు, నన్ను నమ్మి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు.

“నాను సోడి అడిగినాను బావూ. నువ్వు జొన్నపొత్తుల గింజలిచ్చినావు.”

సోడి అంటే చోడి, రాగులు. చోడిని ఒడియాలో మాండిఆ అంటారు. అదీ ‘మ’తోనే మొదలవుతుంది. ఒక బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి, పదునుమీద ఉన్న పొలంలో ఒక పూట, ఇవన్నీ తాతకి నావల్ల పోయాయి. విత్తనం మార్చి ఇచ్చాను, బస్సు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. టీ తాగించి బస్టాండు దాకా తోడు వెళ్లాను. ఆ చీటీ నా దగ్గరే ఉండిపోయింది. రాత్రి ఇంట్లో మా ఆవిడకి చూపించాను. ఆమె బరంపురంలో పుట్టి పెరిగింది, ఒడియా తెలుగంత తేలిగ్గా చదువుతుంది.

“చూడండి, ఇక్కడ మ పక్కన నిలువు గీత ఉంది కదా? అది దీర్ఘం. మకా అని రాయాలంటే మ ఉత్తదే ఉండి, క పక్కన గీత ఉండాలి. ఇది మా. మాండిఆ.”

అంటే ఒక్క నిలువు గీత చూడడం తెలిసి ఉంటే సరిపోయేది! ఆటోల వెనక ‘మా’ అనే మాట నేను పాతికేళ్లుగా చూస్తున్నాను. దాంట్లో ఏ ముక్క ‘మ’, ఏ ముక్క దీర్ఘం అని ఒక్కరోజు కూడా ఆగి చూడలేదు. ఆ రాత్రే నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

అయితే ఎప్పుడు నేర్చుకోవాలి? కొట్టు మూసేసరికి రాత్రి తొమ్మిది. ఆదివారం ఇంటిపని. ఆలోచిస్తే నాకు ఖాళీగా మిగిలేది బండిలోనే అని తేలింది. అరువు వసూళ్ల కోసం వారానికి రెండుసార్లు కాశీనగరం, గుణుపురం వెళ్తాను. రైల్లో వెళ్లి రైల్లో వస్తాను. అప్పటిదాకా ఆ ప్రయాణమంతా ఫోన్లో వీడియోలు చూస్తూ గడిపేవాణ్ణి. వచ్చేటప్పుడు ఏం చూశానో ఇంటికొచ్చాక ఒక్కటీ గుర్తుండేది కాదు.

ఆ రైలు గురించి కొంచెం చెప్పాలి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన లైను అది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచే చిన్నబండి. పర్లాకిమిడి రాజావారు వేయించుకున్నారు. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. నా చిన్నప్పుడు ఆ బండిలోనే టెక్కలి వెళ్లేవాళ్లం. 2004లో దాన్ని ఆపి, పట్టాలు పీకి, పెద్ద లైను వేశారు. 2011 నుంచి గుణుపురం దాకా పెద్దబండి నడుస్తోంది. నౌపడ నుంచి గుణుపురానికి మొత్తం 90 కిలోమీటర్లు, మధ్యలో రాష్ట్రం మారుతుంది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం ఆంధ్రలో, పర్లాకిమిడి నుంచి ఒడిశాలో. పాతపట్నం పలక మీద తెలుగు, తర్వాతి పలకల మీద ఒడియా. ఏరొక్కటే అడ్డం, బండి ఊపిరి తీసుకునేలోపే లిపి మారిపోతుంది. నా చదువు ఆ పలకల దగ్గరే మొదలైంది.

నేను బడి పుస్తకం కొనలేదు. అఆఇఈ వరసలో మొదలుపెడితే పదిరోజుల్లో విసుగొచ్చి మానేస్తానని నా గురించి నాకు తెలుసు. స్టేషన్ పలక మీద ఒకే పేరు మూడు లిపుల్లో ఉంటుంది. నాకు ఇంగ్లీషూ హిందీ అక్షరాలు వచ్చు. అందువల్ల పేరు ముందే తెలుసు, మిగిలింది ఒడియా వరసలో ఏ అక్షరం ఏదో పోల్చుకోవడమే. 40 పేజీల నోటుపుస్తకం, పెన్సిలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను.

మొదటి రోజు గుణుపురం. ఒడియాలో గుణుపుర అని రాస్తారు. ఎంత మంచి పేరో చూడండి: గు, ణు, పు, ర. మూడు అక్షరాల కింద ఒకే గుర్తు వేలాడుతోంది. అదే ఉకారం అని ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క పలకతో గ, ణ, ప, ర, పైగా కొమ్ము. రెండో ట్రిప్పులో కాశీనగరం. కాశీనగర. గ, ర పాత చుట్టాలే, కొత్తగా క, శ, న. క పక్కన ఆ నిలువు గీత కనిపించగానే తాత చీటీ గుర్తొచ్చి గుండె కలుక్కుమంది. శ పక్కన కుడివైపు వంపు తిరిగినది ఈకారం. ఇక మా ఊరి పలక అన్నిటికంటే గొప్పది. పారళాఖేముండి. ళ ఉంది, ఖ ఉంది, మ ఉంది, ణ కింద డ వత్తు ఉంది, ఇకారం ఉంది, ఏత్వం ఉంది. లెక్కేసి చూసుకున్నాను: మూడు పలకలకి 11 హల్లులు, అయిదు గుణింతపు గుర్తులు. రెండు వారాల్లో, టిక్కెట్టు డబ్బులు తప్ప పైసా ఖర్చు లేకుండా. నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఇంటికొచ్చి మా ఆవిడకి ‘కాగర’, ‘పురాణ’, ‘నగర’ అని నేనే మాటలు కూర్చి రాసి చూపించాను. కాగర అనే మాట ఏ భాషలోనూ లేదని ఆమె నవ్వింది కానీ అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయంది.

మా ఊరి పలకలో నన్ను కష్టపెట్టింది ‘ఖే’. తెలుగులో మనం ముందు ఖ రాసి, నెత్తిన ఏత్వం పెడతాం. ఒడియాలో ఏత్వం గుర్తు అక్షరానికి ఎడమవైపున ముందే వచ్చేస్తుంది. అంటే కన్ను ముందు ఏత్వాన్ని చూస్తుంది, తర్వాత హల్లుని చూస్తుంది, నోరు మాత్రం హల్లుతోనే మొదలుపెట్టాలి. ఓత్వమైతే అక్షరానికి అటూ ఇటూ రెండువైపులా నిలబడుతుంది. చదివేటప్పుడు ఇది వారంలో అలవాటైంది. రాసేటప్పుడు నా చేతికి అలవాటు కావడానికి ఏడాది పట్టింది, ఆ సంగతి చివర్లో చెప్తాను.

శ్రావణమాసంలో నాకు గురువు దొరికాడు. గుణుపురంలో బడిలో పనిచేసే ఒడియా మాస్టారు, రోజూ అదే బండిలో వెళ్తారు. తెలుగు బాగా మాట్లాడతారు. నా నోటుపుస్తకం వైపు రెండు మూడు రోజులు చూసి, నాలుగోరోజు ఎదురుసీటులోంచి లేచి వచ్చి పక్కన కూర్చున్నారు.

“ఎవరికోసం రాస్తున్నారు, పిల్లలకా?”

“నాకోసమే మాస్టారూ.”

ఆయన పెన్సిలు నా చేతిలోంచి తీసుకున్నారు. “మీరు బొమ్మ గీస్తున్నారు. అక్షరం రాయాలంటే పైన గొడుగు మొదలు. గొడుగు వేసి, తర్వాత దాని కిందకి దిగండి.”

ఆ గొడుగే ఒడియా లిపి అందం. మన అక్షరాలకి తలకట్టు ఎలాగో వాటికి గొడుగు అలాగ. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు ఈనెవెంట అడ్డగీత గీస్తే ఆకు చీలిపోతుందని, అందుకే మీదీ మాదీ గుండ్రంగా తిరిగాయని మాస్టారు చెప్పారు. ఆయన వేలు నా పుస్తకంలో తెలుగు ‘ర’ మీద తిరిగి ఒడియా ‘ర’ మీదకి వెళ్లింది. నాకు ఆ క్షణంలో ఇద్దరు తాతలు పక్కపక్కన అరుగుమీద కూర్చుని తాటాకు గీస్తున్నట్టు అనిపించింది.

తెలుగువాళ్లకి ఒడియా లిపి చాలా సులువని కొందరంటారు. నేను ఒప్పుకోను. గుండ్రదనం ఒకటే అయినంత మాత్రాన సులువు కాదు, అసలు చిక్కు ఆ గొడుగుతోనే. అందరూ ఒకే గొడుగు కింద నిలబడితే మొహాలు గుర్తుపట్టాలి కదా. ఉ, డ, భ మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ప, ష, ఫ, వాటితోపాటు ‘జ’లా పలికే ఇంకో య, ఇవన్నీ కుడివైపు నిలువు గీతతో ఒకే వరసలో కనిపిస్తాయి. వీటి దగ్గర నేను నెలరోజులు ఆగిపోయాను. మీకూ ఘ, ఝ ఉన్నాయిగా, ఒడియావాళ్లు మీ ప, ఫ, ష, వ చూసి ఎంత కష్టపడతారో అని మాస్టారు ఓదార్చారు. ఒక్క ‘ఠ’ మాత్రం దేవుడిచ్చిన వరం. ఉత్త గుండ్రటి సున్న. దాన్ని మరిచిపోవడం ఎవరి వల్లా కాదు.

అంకెలు రైల్లో నేర్చుకోలేదు. కొట్టు గోడకి ఒడియా క్యాలెండరు వేలాడుతుంది. 1 నుంచి 31 దాకా అన్నీ ఒడియా అంకెల్లోనే, వరసగా, గళ్లలో ఉంటాయి. ఇంతకంటే మంచి పలక ఉంటుందా? మధ్యాహ్నం భోజనం చేస్తూ ఎదురుగా చూస్తూ కూర్చుంటే నాలుగు రోజుల్లో వచ్చేశాయి. ఇప్పుడు కూడా క్యారేజీ మూత తీయగానే కళ్లు ముందు ఆ క్యాలెండరు వైపే వెళ్తాయి.

అలవాట్లు మారాయని చెప్పాలి. బండిలో ఫోను సంచీ అడుగున ఉండిపోయేది. టీ కూడా ఒకే స్టేషన్లో, ఒకే చోట తాగడం మొదలుపెట్టాను, ఆ టీకొట్టు పక్క గోడమీద ఏదో ఒక కొత్త కాగితం అంటించి ఉండేది కాబట్టి. బరా, ఘుగుని పొట్లం కట్టిన పాత పేపరు ముక్క కూడా తిన్నాక పారేయకుండా చదివేవాణ్ణి. నూనె మరకలోంచి అక్షరాలు మరింత నల్లగా కనిపిస్తాయి, అది ఒక సుఖం.

దసరా వెళ్లాక జరిగినదే ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే విలువైనది. అప్పటికి అక్షరాలు వచ్చాయి, కూడబలుక్కుని బోర్డులు చదువుతున్నాను. కాశీనగరంలో వసూలుకి వెళ్తుంటే దారిలో మందుల కొట్టు. రోజూ చూసేదే. ఆ రోజు పైకి చూసి మెల్లగా చదివాను. ఔ... ష... ధ. ఔషధ దోకాన. రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. చిన్నప్పటి నుంచి నా చెవిన పడేది ‘ఒఉసొధొ’. అది వాళ్ల మాట, మందుకి వాళ్ల పేరు అనుకునేవాణ్ణి. రాత చూస్తే మా అమ్మమ్మ నోట్లోని ఔషధం!

ఆ సాయంత్రం బండిలో మాస్టారికి చెప్తే ఆయన ముఖం విప్పారింది. “మేము రాసేది శ, ష, స మూడు. పలికేది ఒక్క స. రాసేది అ, పలికేటప్పుడు ఒ దగ్గరకి పోతుంది. క్ష కనిపిస్తే ఖ్య అంటాం. ఈ మూడు గుర్తుపెట్టుకుని చూడండి, మీకు తెలియని మాటలు ఎన్ని మిగులుతాయో.”

ఆ రోజు నుంచి చెవిలో ఉన్న మాటలన్నీ ఒకటొకటిగా కంటి ముందుకి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ‘జొగొన్నాథొ’ అని విన్నది రాతలో ఉత్త జగన్నాథ. ‘లొఖ్మీ’ లక్ష్మీ. ‘పొఖ్యీ’ పక్షీ. ఎవరైనా పెద్దవాళ్లు పిలిస్తే మేమంతా ‘ఆగ్యాఁ’ అని పలుకుతాం కదా, అంటే చిత్తం అని. అది ఆజ్ఞా! మీ ఆజ్ఞ అన్నమాట. ఇన్నేళ్లు ఎన్ని వేలసార్లు అన్నానో ఆ మాట, దాని ముఖం మొదటిసారి చూశాను. కృష్ణుణ్ణి మనలాగే వాళ్లూ ‘క్రు’ అనే పలుకుతారు, హిందీవాళ్లలా ‘క్రి’ అనరు. మన ళ వాళ్లకీ ఉంది. మాట చివర అచ్చుని మనలాగే మింగకుండా పలుకుతారు.

ఒడియా నాకు పొరుగింటి భాష అనుకుంటూ ఇన్నేళ్లూ వాకిట్లోంచే మాట్లాడాను. చదవడం వచ్చాక లోపలికి వెళ్తే గోడమీద మా ఇంటి పటాలే ఉన్నాయి. చెవికి దూరమనిపించినవి కంటికి చుట్టాలయ్యాయి. మాట్లాడడం వస్తే చాలు, చదవడం ఎందుకని మా ఊళ్లో నాతో వాదించేవాళ్లకి నేను ఇదే చెప్తున్నాను, గట్టిగానే చెప్తున్నాను.

చుట్టాలన్నాక అన్నీ ఒకేలా ఉండవు. జిల్లా శిక్షా అధికారీ అని బోర్డు చూసి మొదట ఉలిక్కిపడ్డాను. మనకి శిక్ష అంటే బెత్తం దెబ్బ, వాళ్లకి చదువు. నోటితో ‘సిఖ్యా’ అని నేను రోజూ అనే మాటే అది, రాతలో చూసేసరికి కొత్తగా అనిపించింది. బ్యాంకులో ‘దయాకరి అపేక్షా కరంతు’ అని రాసి ఉంటుంది, అంటే దయచేసి వేచి ఉండండి అని. మనం అపేక్ష అంటే ఇష్టం, ఆపేక్ష అంటే ప్రేమ అనుకుంటాం. వేచి ఉండడంలో ఇష్టం ఉందనుకుంటే రెండూ దగ్గరే అని నాకు తోచింది. ఉపన్యాస అంటే నవల. రాగ అంటే కోపం. మాస్టారు ఈనెల ‘అవసర’ తీసుకుంటున్నారు అని ఎవరో అంటే ఆయనకి ఏం అవసరమొచ్చిందా అని కంగారుపడకూడదు, ఉద్యోగ విరమణ అది. మా మాస్టారికి దానికింకా మూడేళ్లుంది, అదృష్టం.

పేర్ల విషయంలో ఒక సంగతి. ఒడియాలో మన ‘వ’ని సూటిగా రాయడం కష్టం. వెంకట అనే పేరుని భెంకట అని భ పెట్టి రాస్తారు. ఎ, ఏ తేడా కూడా రాతలో లేదు. ఊళ్లో తెలుగువాళ్ల కొట్ల బోర్డులన్నీ ఇప్పుడు చదువుతుంటే మా పేర్లు వేరే ఊరెళ్లి వేరే బట్టలు కట్టుకున్నట్టు కనిపిస్తాయి. నాకు అదీ బాగానే ఉంది.

మధ్యలో ఒకసారి, చలికాలంలో, వత్తుల దగ్గర విసిగిపోయాను. కొన్ని జంటాక్షరాలు కలిసేసరికి రెండు అక్షరాల్లో ఒక్కటీ గుర్తుపట్టేలా ఉండదు. ఇక చాలు, బోర్డులు చదవడం వచ్చింది కదా అనిపించింది. ఆ వారం బండిలో మాస్టారు అక్షరాల గురించి మాట్లాడలేదు. వంశధార పక్కన బండి పోతుంటే కొండలు చూపించారు.

“మీ ఊళ్లో గిడుగు రామమూర్తి గారు పనిచేశారు కదా, తెలుసా?”

తెలియకపోవడమేమిటి. పర్లాకిమిడిలో పెరిగిన తెలుగువాడికి ఆ పేరు ఇంటిపేరుతో సమానం. 1880లో మా ఊరి రాజావారి బడిలో టీచరుగా చేరారు. ఇక్కడే సవరలతో కూర్చుని వాళ్ల మాట నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. తర్వాత వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసిందే, ఆయన పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1936లో మా ఊరు కొత్తగా ఏర్పడిన ఒడిశాలోకి వచ్చినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు.

“అదే 1936లో ఈ కొండల్లో మాంగే గొమాంగో అనే ఆయన సవర భాషకి సొంత లిపి తయారుచేశారు. సోరంగ్ సొంపెంగ్ అంటారు,” అన్నారు మాస్టారు. “వాళ్లు లేని లిపిని పుట్టించుకున్నారు. మీరు ఉన్నదాన్ని నేర్చుకోవడానికి విసుగుపడుతున్నారు.”

ఆయన మందలించినట్టు అనలేదు, కిటికీలోంచి బయటకి చూస్తూ అన్నారు. నేను ఆ సాయంత్రమే వత్తుల పేజీ మళ్లీ తెరిచాను. విత్తనం మూట భుజాన వేసుకుని వెళ్లిన తాత కూడా ఆ కొండలవాడే. ఆయన ఇంట్లో సవర, సంతలో తెలుగు, మనవడి బడిలో ఒడియా. మూడు భాషల మధ్య నడిచే మనిషి తెచ్చిన చీటీని రెండు భాషలవాణ్ణి నేను చదవలేకపోయాను.

సంక్రాంతికల్లా ఒడియా పేపర్లో పెద్దక్షరాలు చదివేవాణ్ణి. హోలీ నాటికి లోపలి వార్త ఒకటి, పావుగంట పట్టినా, చివరిదాకా చదివాను. బస్తాల ధర గురించిన వార్త అది, నాకు అవసరమైనదే. కొట్టులో రైతులు తెచ్చే భూమి పట్టా కాగితాలు కూడా అర్థమవుతున్నాయి. మౌజా పేరు, ఖాతా నంబరు, ప్లాటు నంబరు, ఏకరాలూ డిసిమిల్‌లలో విస్తీర్ణం, ఇంటిస్థలమైతే ఘరబారి అని. ఇదివరకు వాటిని మడిచి వెనక్కి ఇచ్చేసేవాణ్ణి. ఇప్పుడు పెద్దవాళ్లు కొందరు తమ పట్టాలు నా చేతికిచ్చి ‘కొంచెం చూసి చెప్పు బాబూ’ అంటున్నారు. పేరు తప్పు పడితే చెప్తాను. ఇద్దరికి అలా తండ్రి పేరులో తప్పు కనిపెట్టి చెప్పగలిగాను.

ఈ ఏడు మళ్లీ రజొ అయ్యింది. నాలుగో రోజు మళ్లీ తాకిడి. మా గజపతి, గుణుపురం ఉన్న రాయగడ జిల్లాలు రెండూ ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల కోసం 2017లో మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్ తొలి జిల్లాల్లో ఉన్నాయి, చోడి విత్తనం అడిగేవాళ్లు మా కొట్టుకి బాగానే వస్తారు. ఆ జనంలో తాత కనిపించాడు. గల్లాపెట్టె వదిలేసి నేనే ఎదురెళ్లాను. ఆయన చీటీ తీసి, ఇవ్వాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగి, చోడి అని నోటితోనే చెప్పాడు.

“చీటీ ఇవ్వు తాతా. ఈసారి నేనే చదువుతాను.”

చదివాను. మాండిఆ మూడు కిలోలు, మ పక్కన నిలువు గీత చక్కగా, పొడుగ్గా ఉంది. మిగతా సరుకులు నాలుగు. అన్నిటికంటే కింద సన్నగా ఇంకో వరస ఉంది. తాతకి సాయంత్రం పూట కళ్లు సరిగ్గా కనిపించవు, ఎవరైనా బస్సు ఎక్కించండి అని. దాన్ని రెండుసార్లు చదివాను. క్రిందటేడు చీటీలో కూడా అలాంటి వరస ఉందేమో అని గుర్తొచ్చి ఇంటికెళ్లి తీసి చూశాను, ఉంది.

సరుకు కట్టి, తాతకి ప్యాకెట్టు విప్పి గింజ చూపించి, మళ్లీ కట్టి, సాయంత్రం గుమ్మా బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. చీటీ వెనక నేను నా చేత్తో ఒడియాలో రాసి తాత జేబులో పెట్టాను. ‘మాండిఆ దేఇఛి. బసరే బసాఇఛి.’ చోడి ఇచ్చాను, బస్సులో కూర్చోబెట్టాను అని. ఒడియాలో ఒక మనిషికి నేను రాసిన మొదటి ఉత్తరం అది. ఆ రాత్రి మా ఆవిడకి చెప్తూ పొంగిపోయాను.

ఎరువు కోసం తాత మళ్లీ వచ్చినప్పుడు ఆ చీటీ తిరిగి తెచ్చాడు. మనవడు ఆరో తరగతి. నేను రాసిన రెండు వరసల మీదా ఎర్ర పెన్ను పడింది. ‘దే’లో, ‘రే’లో ఏత్వాన్ని నా తెలుగు చెయ్యి అక్షరం తర్వాత పెట్టేసింది. వాడు రెండింటి చుట్టూ సున్న చుట్టి, గుర్తు ముందుకి రావాలని బాణం గీశాడు. పక్కన పదికి ఎనిమిది మార్కులు వేశాడు, ఒడియా అంకెల్లో.

ఆ కాగితం ఇప్పుడు నా చిట్టా పుస్తకం మొదటి పేజీలో అంటించి ఉంది. మాస్టారికి చూపిస్తే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. తాత వచ్చేసారి మనవణ్ణి కూడా తీసుకొస్తానన్నాడు. వాడికోసం ఒక కొత్త ఎర్ర పెన్ను కొని బల్ల సొరుగులో ఉంచాను.